పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పుటకో తీరుగా మారే పాత్రలు

ప్రశ్న (దేవరకొండ నుంచి ఒక ఉపాధ్యాయురాలు): మా ఊరి గ్రంథాలయంలో నెలకొకసారి పది పన్నెండు మందిమి కూర్చొని ఒక నవల గురించి మాట్లాడుకుంటాం. ఈ నెల తీసుకున్నది 1940లలో పాత నల్లగొండ జిల్లా పల్లెలో ఒక గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, చుట్టూ నడిచే కథ. దాదాపు నాలుగు వందల పుటలుంటుంది. సగం చదివేసరికే మాకు విసుగు పుట్టింది. ఏ పాత్ర ఏ పుటలో ఎట్లా ఉంటుందో తెలియదు. పెద్ద కోడలు 30వ పుటలో అత్త ముందు నోరు పెగలని మనిషి. 64వ పుటలో నడిబజారులో, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీని నిలదీస్తుంది. 71వ పుటలో పెరుగు కుండ పట్టుకొని అదే పట్వారీ వాకిట్లో తల వంచుకొని నిలబడుతుంది. గడి జీతగాడు దొరను దేవుడంటాడు, ఒక రాత్రి దొరలకు ఎదురు తిరిగిన సంఘంలో కలుస్తాడు, తెల్లవారి ఆ సంగతి తానే దొర చెవిన వేస్తాడు. పైసా రాల్చని షావుకారు ఉన్నట్టుండి పాతర తీయించి జొన్నలు పంచుతాడు. ఇది రచయిత చేతకానితనమా, మా చదువులో లోపమా? మాలో సగం మంది పుస్తకాన్ని పక్కన పెడదామంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం అందాక ఆ నవలను తెప్పించుకొని రెండుసార్లు చదివాను. రచయిత మన మధ్యనే ఉన్నవారు, నేను తప్పొప్పులను విప్పి మాట్లాడవలసి వస్తుంది కాబట్టి ఇక్కడ నవల పేరు రాయడం లేదు. నా తీర్పు ముందే చెబుతాను. పెద్ద కోడలి విషయంలో రచయితది తప్పు కాదు. జీతగాడి విషయంలో తప్పు కాకపోగా, ఆ పుస్తకంలో అంతకంటే బాగా రాసిన పాత్ర లేదు. షావుకారు విషయంలో మాత్రం మీ విసుగు న్యాయమైనది.

పాత్ర ఊహకందకుండా మారుతున్నదని అన్నప్పుడు, ఎవరి ఊహకు అందకుండా అని ముందు అడగవలసి ఉంటుంది. 1946 జూలై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో ఊరేగింపుగా కదిలిన జనం మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ కాలపు పల్లెల్లో గడి ముందు నుంచి పోవలసి వస్తే చెప్పులు విడిచి చేతబట్టుకొని నడవవలసిన జనమే అట్లా గుంపు కట్టి కదిలారు. గడి కిటికీలోంచి చూసినవారికి అది ఒక్క రాత్రిలో వచ్చిపడిన మార్పుగానే కనిపించి ఉంటుంది, ఎందుకంటే ఆ కిటికీకి కనిపించేవి వంగిన వీపులే, వీపును చూసి మనసు చెప్పడం ఎవరి వల్లా కాదు. కింద నుంచి చూస్తే లెక్క వేరు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. 1931లో రెండోది బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన మీ దేవరకొండలోనే జరిగింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరి సభ అయ్యాక ఆ మహాసభే పల్లెల్లో 'సంఘం' అయి కూర్చున్నది. జోగిపేట నుంచి కడవెండి దాకా పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళను చూడనివారికే 1946 ఆకస్మికం. నవల చదివేటప్పుడు మనం కూడా తెలియకుండానే ఒక కిటికీ ఎంచుకొని కూర్చుంటాం, అక్కడికి కనిపించని దానిని లేనిదిగా లెక్కగడతాం.

ఇప్పుడు పెద్ద కోడలి దగ్గరకు వద్దాం. మీరు 30, 64, 71 పుటలు చెప్పారు గానీ 41, 68 పుటలను వదిలేశారు. మీ తప్పేమీ లేదు, ఆ రెండు చోట్లా రచయిత ఒక్కొక్క వాక్యంతోనే సరిపెట్టాడు. 41వ పుటలో ఆమె మామ చనిపోయిన సంగతి, రెండెకరాల చెలక ఇంకా ఆయన పేరు మీదనే ఉన్న సంగతి దంచుడు పాట మధ్యలో ఎవరో అన్నట్టుగా వస్తాయి. 68వ పుటలో పట్వారీ ఆ ఏటి పహాణీ, అంటే భూమి సాగు లెక్క, రాయడానికి కూర్చున్నాడన్న ముక్క ఉంది. పహాణీలో సాగు చేసేవారి పేరు ఎక్కించడం, ఎక్కించకపోవడం పట్వారీ కలానికి ఎంత తేలికో పాత తరం వారిని అడిగితే చెబుతారు. ఈ రెండు వాక్యాలను దగ్గర పెట్టుకొని చదివితే ఆ స్త్రీలో మార్పు లేదు, మారినవి స్థలమూ ఎదుటి మనిషి బలమూ. నడిబజారులో పదిమంది వింటుండగా పట్వారీకి పరువు భయం ఉంది, అందుకే ఆమె అక్కడే, అప్పుడే అడిగింది. తన వాకిట్లో అతనికి ఆ భయం లేదు, చేతిలో కలం ఉంది. అక్కడ ఆమె పెరుగు కుండతో నిలబడింది. అత్త ముందు నోరు పెగలకపోవడానికీ కారణం ఆ చెలకే, ఎందుకంటే వేరు పడితే అందులో వాటా ఎవరి చేతిలో ఉందో ఆమెకు తెలుసు.

మన అలంకార శాస్త్రంలో దీనికి పనికివచ్చే మాటలున్నాయి. నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఎనిమిది స్థాయి భావాలను, ముప్ఫై మూడు వ్యభిచారి భావాలను చెప్పాడు. ఈ రెండో రకాన్నే సంచారి భావాలనీ అంటాం. దైన్యం, గర్వం, శంక, చింత వంటివి వచ్చిపోయేవి. ఉత్సాహమూ భయమూ వంటివి అడుగున నిలిచేవి. వచ్చిపోయేవి ఎన్ని మారినా అడుగున నిలిచినది ఒక్కటే అయితే రసానికి భంగం లేదు, సరికదా అవి లేకపోతే స్థాయి కనిపించే దారే లేదు. పెద్ద కోడలికి ఆ అడుగున ఉన్నది చెలక గురించిన ఆరాటం. శాస్త్ర ప్రకారం అది భయమా, ఉత్సాహమా అని పండితులు నన్ను నిలదీయవచ్చు. ఇక్కడ ఆ మాటను కొంచెం వదులుగా వాడుతున్నానని ఒప్పుకుంటాను. నేను చెప్పదలచినది ఇంతే: పాత్ర మారిందని అనిపించిన ప్రతిచోటా, మారింది సంచారియా, స్థాయియా అని అడిగితే మీ బృందంలోని సగం తగవు తీరిపోతుంది.

జీతగాడి విషయం ఇంతకంటే లోతైనది. మీరు 118వ పుట నుంచి 140వ పుట వరకు మళ్ళీ చదవండి, ఈసారి అతని ముఖాన్ని వదిలేసి కాళ్ళను చూడండి. పుస్తకం మొదట్లో గడి దర్వాజా కనిపించగానే చెప్పులు అతని చేతిలోకి వస్తాయి, అది రెండుచోట్ల ఉంది. సంఘం కూర్చున్న రాత్రి తిరిగివస్తూ గడి గోడ పక్కన చెప్పులతోనే నాలుగడుగులు వేస్తాడు, ఐదో అడుగుకు ఆగి విడిచి చంకలో పెట్టుకుంటాడు. చీకట్లో, చూసేవారెవరూ లేనిచోట విడుస్తాడు. తెల్లవారి దొర అడిగేది ఒక్క మాటే: "రాత్రి ఎటు పోయినవ్‌రా?" జవాబు అంతకంటే చిన్నది: "సంఘానికి, నీ బాంచన్." ఆ వెంటనే రచయిత రాసిన వాక్యం ఏమిటంటే, వాడు చేత్తో తన నోటిని తానే మూసుకున్నాడని. మీరు దీనిని ద్రోహంగా చదివారు, మొదటిసారి నేనూ అట్లాగే చదివాను. కానీ దొర ముందు ముప్ఫై ఏళ్ళుగా దాపరికం ఎరుగని నోరు అది, అడిగితే చెబుతుంది. రాత్రి సంఘంలో కలిసింది మనిషి, పొద్దున జవాబిచ్చింది అలవాటు. అతడు పుటకో తీరుగా మారాడని మీరంటున్నారు. నాకు మాత్రం అతడు మారవలసినంత మారలేదని, ఆ లోటునే రచయిత పొడవునా రాశాడని అనిపిస్తుంది.

ఈ పుటల్లోనే ఇంకొకటి ఉంది. నవల మొదలైనప్పటి నుంచి కథకుడు జీతగాడిని 'వాడు' అంటాడు. సంఘం రాత్రి రాగానే, ఎవరూ చెప్పకుండానే, 'అతడు' అవుతాడు. తెల్లవారి గడిలో మళ్ళీ 'వాడు'. అతని భార్య నోట మాత్రం మొదటి నుంచీ 'ఈయిన'. చివరి నలభై పుటల్లో 'అతడు' స్థిరపడుతుంది. తెలుగులో రాసేవారికి ఉన్న సుఖమూ కష్టమూ ఇదే. మగవాడి గురించి ఒక వాక్యం రాయాలంటే వాడా, అతడా, ఆయనా అని తేల్చుకోక తప్పదు, తేల్చుకున్న క్షణాన ఒక తీర్పు ఇచ్చినట్టే. ఒక మంచి నవలాకారుడు పాత్ర ఎప్పుడు మారిందో వ్యాఖ్యానించకుండా సర్వనామం మార్చి ఊరుకుంటాడు. మనం కథ వేగంలో సర్వనామాలను చూడం, తర్వాత పాత్ర ఎప్పుడు మారిందో తెలియలేదని విసుక్కుంటాం. ఇది మరీ సన్నని సంగతని మీకు అనిపించవచ్చు. మీరే ఒకసారి మీ బంధువులలో 'ఆయన' అనవలసినవారిని 'అతను' అని చూడండి.

చిన్నతనంలో మా ఊరికి ఒగ్గు కథ చెప్పేవారు వచ్చేవారు. ప్రధాన కథకుడు ఒక్కడే మల్లన్న అయ్యేవాడు, మరుక్షణం భుజం మీది వస్త్రాన్ని తల మీదికి లాక్కొని ఆడకూతురు గొంతు అందుకునేవాడు, డోలు దెబ్బ మారగానే మళ్ళీ కథకుడు అయిపోయేవాడు. తెల్లవార్లూ కూర్చున్న జనంలో ఒక్కరు కూడా ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరని అడిగినట్టు నాకు గుర్తు లేదు, ఎందుకంటే వస్త్రమూ డోలూ గుర్తులు. అచ్చులో ఆ గుర్తులు ఉండవు కాబట్టి రచయిత చెప్పులను, పెరుగు కుండను, సర్వనామాన్ని గుర్తులుగా పెట్టుకుంటాడు. డోలంత గట్టిగా అవి మోగవు, అంతే తేడా.

ఇక షావుకారు. 203వ పుటలో అతడు పాతర తీయించి జొన్నలు పంచుతాడు. ఇది చదివి నేను వెనక్కి వెళ్ళి అతడు కనిపించిన ప్రతి పుటా వెతికాను. దయ లేదు, భయం లేదు, పాప భీతి లేదు, బిడ్డ జబ్బు లేదు, లాభం లెక్క కూడా లేదు. ఆ తర్వాతి అధ్యాయంలో సంఘం వాళ్ళు పది రోజులు గుట్టల్లో దాక్కోవాలి, వాళ్ళకు తిండి కావాలి. కథకు జొన్నలు కావలసి వచ్చాయి, అందుకని షావుకారుకు దయ పుట్టించారు. తొమ్మిదో శతాబ్ది నాటి ఆలంకారికుడు ఆనందవర్ధనుడు తన ధ్వన్యాలోకంలో అనౌచిత్యం తప్ప రసభంగానికి వేరే కారణం లేదని తేల్చాడు. కేవలం మనిషి అయిన రాజు సప్త సముద్రాలు దాటాడని వర్ణిస్తే, వర్ణన ఎంత సొగసుగా ఉన్నా అది రసం చెడగొడుతుందనీ అక్కడే అన్నాడు. సముద్రాలు దాటడం తప్పు కాదు, దాటగలవాడని ముందు కాస్తయినా తెలియాలి. షావుకారు కూడా సముద్రమే దాటాడు, ఏ కాళ్ళతో దాటాడో రచయిత చెప్పలేదు.

ముందుమాటను బట్టి ఈ నవల మొదట ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చిందని తెలుస్తున్నది. ఆ తప్పుకు మూలం అక్కడే ఉందనుకుంటాను. సీరియల్ రాసేవారు వారం వారం రాసి పంపుతారు, అచ్చయిపోయిన వారాన్ని దిద్దే వీలు ఉండదు, ప్రతి వారం ముగింపులో పాఠకుడిని పట్టి ఉంచే ఒక మలుపు ఉండాలి. పుస్తకంగా వేసేటప్పుడు ఓపిగ్గా కూర్చొని దిద్దకపోతే ఆ అతుకులు అట్లాగే మిగిలిపోతాయి. మా కుర్రతనంలో ఒక వారపత్రిక సీరియల్‌లో ఆరో వారం చనిపోయిన కథానాయిక తండ్రి ఇరవయ్యో వారం పెళ్ళిలో కన్యాదానం చేశాడు. నల్లగొండ గ్రంథాలయంలో ఆ పత్రిక కోసం వరుస కట్టే మేము, అది పెదనాన్న అయి ఉంటాడని రెండు నెలలు రచయిత తరఫున వాదించాం. ప్రేమ ఉన్నచోట పాఠకుడు ఎంతటి అతుకునైనా తానే కుట్టి పెడతాడు, ఆ కుట్టు పనిని రచనా గుణంగా పొరబడకూడదు.

ఇంగ్లీషు నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ 1927లో నవల గురించి చేసిన ఉపన్యాసాలలో పాత్రలను బల్లపరుపువి, గుండ్రనివి అని విడదీశాడు. గుండ్రని పాత్ర మనల్ని ఆశ్చర్యపరచాలి, ఆ ఆశ్చర్యాన్ని నమ్మించాలి. ఎన్నడూ ఆశ్చర్యపరచకపోతే అది బల్లపరుపు పాత్ర. ఆశ్చర్యపరిచి నమ్మించలేకపోతే అది గుండ్రని వేషం కట్టిన బల్లపరుపు పాత్ర. షావుకారుకు ఈ రెండో మాట అచ్చంగా సరిపోతుంది. అయితే ఫార్‌స్టర్ కొలతకు నేనొక సవరణ చేస్తాను. నమ్మకం అదే పుటలో కుదరనక్కరలేదు. జీతగాడు దొరకు సంగతి చెప్పిన పుటలో నేను నమ్మలేదు, ముప్ఫై పుటల తర్వాత అతని భార్య "నీకు నోరు ఎవరిచ్చిన్రు, దేవుడా దొరా?" అని అడిగినప్పుడు వెనక్కి పోయి నమ్మాను. కాబట్టి ఆశ్చర్యం కలిగిన చోటనే పుస్తకం మూయవద్దు.

దొర తమ్ముడి గురించి మీరు రాయలేదు గానీ అతడు అందరికంటే ఎక్కువ మారతాడు. పొద్దున సంస్కర్త, మధ్యాహ్నం వేటగాడు, రాత్రికి కవి. అయినా అతడు మీకు అడ్డం రాలేదు. స్థిరత్వం లేని మనిషిని చూపదలిస్తే ఆ లేమిలోనైనా స్థిరంగా ఉండేటట్టు చూపాలని అరిస్టాటిల్ ఏనాడో అన్నాడు. ఈ తమ్ముడు ఎప్పుడూ అంతే కాబట్టి మీరు ఊరుకున్నారు.

మీ బృందానికి నేను సూచించేది చిన్న పని. ముగ్గురు మనుషులు మూడు పాత్రలను తీసుకొని, పాత్ర మారిందనిపించిన ప్రతిచోటా అంచున పెన్సిలుతో ఎదురుగా ఎవరున్నారో, ఎక్కడ నిలబడి ఉన్నారో మాత్రమే రాయండి. ఎందుకు మారిందో అప్పుడే రాయవద్దు. గ్రంథాలయం పుస్తకమైతే పెన్సిలు కూడా వద్దు, వేరే కాగితం పెట్టుకోండి. పెద్ద కోడలి కాగితం మీద పట్వారీ, అత్త, బజారు, వాకిలి మళ్ళీ మళ్ళీ వస్తాయి. జీతగాడి కాగితం మీద గడి గోడ వస్తుంది. షావుకారు కాగితం మీద ఏమీ రాదు. పుస్తకాన్ని పక్కన పెట్టాలా వద్దా అన్నది ఆ కాగితాలు చూశాక తేల్చుకోండి. నా మట్టుకు నేను ఒక షావుకారు కోసం ఆ జీతగాడిని వదులుకోను.

ప్రశ్న (వనపర్తి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి): తెలుగులోకి అనువాదమైన ఒక రష్యన్ నవల చదువుతున్నాను. పాత్రల గుణాల సంగతి తర్వాత, పేర్లే పుట పుటకూ మారిపోతున్నాయి. ఇద్దరనుకున్నవారు ఒక్కరే అని వంద పుటల తర్వాత తెలిసింది. ఏం చేయాలి?

జవాబు: రష్యన్లకు ఒక్కొక్కరికి మూడు పేర్లు ఉంటాయి: సొంత పేరు, తండ్రి పేరు మీద వచ్చే పేరు, ఇంటి పేరు. తండ్రి ఇవాన్ అయితే కొడుకు పేరుకు ఇవానొవిచ్, కూతురు పేరుకు ఇవానొవ్నా చేరుతుంది. గౌరవంగా పిలిచేవారు సొంత పేరునూ తండ్రి పేరునూ కలిపి పిలుస్తారు, చనువున్నవారు ముద్దుపేరు వాడతారు. అలెగ్జాండర్ సాషా అవుతాడు, ద్మీత్రి మీత్యా అవుతాడు. మనకు ఇది కొత్తగా తోచనక్కరలేదు. రేషన్ కార్డులో ఒక పేరు, బడిలో ఒక పేరు, ఇంట్లో చిన్నోడు, బావమరదుల నోట ఇంకొకటి ఉన్న మనుషులు మీ వీధిలోనే ఉంటారు. పుస్తకం వెనక ఖాళీ కాగితం మీద ఒక్కొక్క మనిషికి ఒక వరుస కేటాయించి, కొత్త పేరు తగిలినప్పుడల్లా అదే వరుసలో రాసుకోండి. ఆ పేరుతో పిలిచింది ఎవరో కూడా పక్కన రాస్తే ఇంకా మంచిది. నిన్నటి దాకా సొంత పేరునూ తండ్రి పేరునూ కలిపి పిలిచిన స్త్రీ ఒకనాడు ముద్దుపేరుతో పిలిచిందంటే, ఆ పుటలో జరిగిన పెద్ద సంగతి అదే అయి ఉంటుంది.

ప్రశ్న (జడ్చర్ల నుంచి ఒక విశ్రాంత ఉద్యోగి): నేను చదివిన ఒక నవలలో నలుగురు తోబుట్టువులు వంతులవారీగా 'నేను' అంటూ అధ్యాయాలు చెబుతారు. పెద్ద కొడుకు అధ్యాయంలో తల్లి రాక్షసి. అన్నం గిన్నె ముందు పెట్టి కూడా లెక్కగట్టే మనిషి. చిన్న కూతురు అధ్యాయంలో ఆమె దేవత. నడిమి ఇద్దరూ చెరొక విధంగా చెబుతారు. తండ్రి బొంబాయి పనులకు వలస పోయి కొన్నేళ్ళకు తిరిగి వచ్చినట్టు ఉంది. ఇందులో ఎవరిని నమ్మాలి?

జవాబు: ఎవరో ఒకరినే నమ్మాలని మీరు ముందే నిర్ణయించుకున్నారు, చిక్కు అక్కడే మొదలైంది. ఇక్కడ పాత్ర మారడం లేదు, చెప్పేవారు మారుతున్నారు. మారిన ప్రతి నోటా తల్లి కొత్త మనిషిగా పుడుతుంది. అయినా ఈ నలుగురిలో ఎవరూ అబద్ధం ఆడుతున్నట్టు మీ ఉత్తరం చదివితే నాకు తోచలేదు. పాలమూరు వలస ఎట్లాంటిదో మీకు నేను చెప్పనక్కరలేదు. మగవాడు మేస్త్రి వెంట పోయిన ఇంట్లో అప్పు, ఎవుసం, పిల్లలు, ముసలివాళ్ళు ఒక్క మనిషి మీద పడతారు. పెద్ద కొడుకుకు ఊహ తెలిసేనాటికి తండ్రి ఊళ్ళో లేడని మీరు రాసినదాన్ని బట్టి తెలుస్తున్నది. గిన్నెలో అన్నం లెక్కగట్టినది ఆ కాలపు తల్లి. తండ్రి తిరిగి వచ్చాక, పెద్దవాళ్ళు సంపాదన మొదలుపెట్టాక పెరిగిన చిన్న కూతురు చూసినది వేరే కాలపు తల్లి. ఇద్దరూ తాము చూసినదే చెప్పారు.

ఇంకొక సంగతి. నలుగురి మాటలూ కలిసే చోట్లు వెతకండి. రాక్షసి అన్న కొడుకూ దేవత అన్న కూతురూ ఆమె చేతి గాజుల గురించి ఒకే మాట చెబితే, లేదా ఆమె రాత్రిళ్ళు తలుపు దగ్గర పడుకునేదని ఇద్దరూ అంటే, అది గట్టి నేల. అక్కడ కాలు మోపవచ్చు. తండ్రి ఏ ఏడు ఇంట్లో ఉన్నాడో, ఏ ఏడు లేడో ఒక కాగితం మీద రాసుకొని నాలుగు అధ్యాయాలనూ ఆ వరుసలో మళ్ళీ చదవండి. అంత పెద్ద నవలలో తల్లికి మాత్రం ఒక్క అధ్యాయం కూడా ఇవ్వలేదని మీరు గమనించే ఉంటారు.